పొయ్యి పక్కనే తినాల్సిన రొట్టె

మాదిపాడు రేవులో బల్లకట్టు కదలబోతోంది. ఫాల్గుణ మాసం. పొద్దు బారెడెక్కినా ఎండకు ఇంకా చురుకు రాలేదు. అవతలి ఒడ్డు నుంచి ఇదే బల్లకట్టు మీద వచ్చిన మిర్చి లారీ ఒకటి ఇప్పుడే దిగి గుంటూరు యార్డు దారి పట్టింది. లారీ పోయినా టిక్కీల ఘాటు పలకల మీదే మిగిలింది. ఎక్కినవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు. మీ పక్కన రెండు ఆటోలు, నాలుగైదు మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు కట్టిన మోపెడ్, ముక్త్యాలలో భవానీ ముక్తేశ్వరస్వామికి మొక్కు చెల్లించడానికి బయలుదేరిన ఒక కుటుంబం. వాళ్ళ పిల్లల్లో చిన్నది కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి వంగింది. నాయనమ్మ జడ పట్టి వెనక్కి లాగింది.

ఈ కాలంలో కృష్ణలో నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉంది. వానాకాలంలో అక్కడ గేట్లు ఎత్తి నీళ్ళు వదిలితే ఇక్కడ బల్లకట్టు ఆగిపోతుంది. అప్పుడు కళ్ళెదుట కనిపిస్తున్న ఊరికి కూడా చుట్టుతిరుగుడు దారే గతి. ఈ పూట ఆ బెంగ లేదు. పడవ ఇంజను దడదడలాడుతోంది. ఎదుటి గట్టు మీద ముక్త్యాల కోట గోడలు, గుడి, చెట్ల గుబురులు దగ్గరవుతున్నాయి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా? మంచిది. ఇంకో గంట అలాగే ఉండండి.

గట్టెక్కగానే టిఫిను బండి ఎదురవుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీశారు, ఆవిరి మొహాన కొట్టింది. పక్క మూకుట్లో పునుగులు తేలుతున్నాయి. ఆగాలనే ఉంటుంది. కానీ ఇడ్లీ విజయవాడలో దొరుకుతుంది, బందరులో దొరుకుతుంది, మీ వీధి చివరా దొరుకుతుంది. ఈ మెట్ట గడ్డ తరతరాలుగా ఏం తిని బతికిందో తెలుసుకోవాలంటే బోర్డు కట్టిన హోటలేదీ ఇక్కడ లేదు. ఆ తిండి ఇళ్ళలో ఉంది. ఒకరోజు ముందే కబురు పెట్టాలి. పచ్చజొన్నలు బాగుచేసి మరపట్టించుకోవడానికి ఒక పూట వ్యవధి ఇవ్వాలి. నిన్ననే ఫోను చేసి చెప్పాను. నడవండి.

ఊరి అంచున కళ్ళాలు. నేలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తలకు తువాళ్ళు చుట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరి పక్కకు వేస్తున్నారు. వాళ్ళ చేతులు ఆగవు, మాటలూ ఆగవు. మీరు కొత్తవాళ్ళని కనిపెట్టి ఒకావిడ "ఎవరింటికి బాబూ?" అని అడిగింది. చెప్పాక "ఓ, రొట్టెలకా!" అంది. ఊళ్ళో కబురు మనకంటే ముందే చేరింది.

ఇల్లు చిన్నదే. వసారాలో పరిచిన నాపరాళ్ళు పొద్దుటిపూట ఇంకా చల్లగా ఉన్నాయి, చెప్పులు విప్పి అడుగు పెడితే అరికాళ్ళకు హాయి. రాయి ఈ ప్రాంతానికి కొదవలేని ఆస్తి. జగ్గయ్యపేటలో ధనబోడు మీది బౌద్ధ స్తూపానికి పలకలు చెక్కింది సున్నపురాయిలోనే. జేమ్స్ బర్జెస్ 1882లో దాన్ని తవ్వి వెలికితీశాడు. ఇవాళ ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నదీ సున్నపురాయి మీదే. ఆ రాతి పొర పైన నల్లరేగడి. ఆ రేగడిలో వాన తడికే పండే జొన్న.

"ఇంతాలస్యమేంటి నాయనా? పొయ్యి రాజేసి ఎంతసేపయింది!"

"బల్లకట్టు ఆలస్యంగా కదిలింది పిన్నీ."

"సరే, కాళ్ళు కడుక్కోండి. ఈ బాబేనా నువ్వు చెప్పింది? రా బాబూ, ఇటు పొయ్యి దగ్గరికే రా. వసారాలో కూర్చుంటే నీకు రొట్టె అందేలోపే చల్లారిపోతుంది."

పీట వేసింది. పొయ్యికి బారెడు దూరం. సెగ మోకాళ్ళకు తగులుతోంది. మొదట పత్తికట్టె పెట్టి మంట లేపింది, ఇప్పుడు తుమ్మ మొద్దు నిప్పులు పట్టుకున్నాయి. పత్తికట్టె గుప్పున మండి గుప్పున ఆరుతుంది, పెనం వేడెక్కించడానికి పనికొస్తుంది. రొట్టె కాలడానికి మాత్రం తుమ్మ నిప్పులే కావాలంటుంది పిన్ని. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, కూరలన్నీ దాని మీదే. రొట్టె దగ్గరికి వచ్చేసరికి పెరట్లో ఈ మట్టిపొయ్యే.

చేటలో పిండి ఉంది. ఒక చిటికెడు తీసుకుని చూడండి. గోధుమ పిండిలా తెల్లగా, మెత్తగా ఉండదు. లేత పసుపు రంగు, వేళ్ళ మధ్య కొంచెం గరుకు. నిన్న సాయంత్రం ఆడించిన పిండి కాబట్టి వాసన తియ్యగా ఉంది. నిలవ పిండి అయితే ఈ వాసన పోతుంది, జిగి కూడా పోతుంది. రొట్టె తడుతుంటే అంచులు పగులుతాయి. అందుకే జొన్నరొట్టె బాగా చేసే ఇళ్ళలో పిండి డబ్బా పెద్దది ఉండదు. కావలసినప్పుడల్లా కాసిని గింజలు పట్టుకుని మిల్లుకు వెళ్తారు.

తప్పేలాలో నీళ్ళు తెర్లుతున్నాయి. పిండి మధ్యలో గుంట చేసి, ఉప్పు వేసి, ఆ మరిగే నీళ్ళు పోసింది. అట్లకాడతో ఒకసారి కలిపి, పొగలు కక్కుతుండగానే చేత్తో పిసకడం మొదలుపెట్టింది. చూస్తున్న మీరే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆవిడ వేళ్ళకు ఆ వేడి అలవాటే. ఈ వేడి లేకపోతే రొట్టె లేదు. గోధుమ పిండిలో నీళ్ళు పోసి పిసికితే సాగే గుణం దానంతటదే వస్తుంది. జొన్నకు ఆ సాగుడు లేదు. మరిగే నీళ్ళు తగిలినప్పుడు అందులోని గంజి ఉడికి జిగురవుతుంది. ఆ కాస్త జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. అప్పడాల కర్రతో నెడితే చీలిపోతుంది గనక అరచెయ్యే సాధనం. ఈ సంగతులన్నీ ఏ పుస్తకమూ చదవకుండానే మన అమ్మమ్మల చేతులకు తెలుసు. ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కిందట ఇటు వచ్చిన ఈ గింజ స్వభావాన్ని అంత నిశితంగా పట్టుకున్నవాళ్ళు వాళ్ళు.

ఇప్పుడు వినండి. చెక్క పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, కుడిచెయ్యి తడుతోంది. ఎడమచెయ్యి అంచును కాపాడుతూ తిప్పుతోంది. టప్, టప్, టప్. ప్రతి దెబ్బకూ గాజులు వెనక్కి జారి మళ్ళీ ముందుకొస్తాయి. ప్రతి దెబ్బకూ రొట్టె ఒక వేలెడు వెడల్పు తిరుగుతుంది. నిమ్మకాయంత ఉన్న ముద్ద చూస్తుండగానే పళ్ళేనికి సరిపడా అయింది. ఎక్కడా మందం తేడా లేదు. దాన్ని రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద పరిచింది. తడిగుడ్డతో పై పొడినంతా తుడిచింది. సుయ్‌మన్న చప్పుడు, ఆవిరి. తడి ఆరాక తిరగేసింది. రెండో వైపు చుక్కలు పడ్డాక పెనం దించి రొట్టెను నిప్పుల అంచున నిలబెట్టి, గుడ్డతో అక్కడక్కడా అదిమింది. ఒకచోట ఉబ్బింది. ఆ ఉబ్బు పాకుతూ పోయింది. రొట్టె మొత్తం పొంగి రెండు పొరలుగా విడిపోయింది.

కంచంలో పడింది. ఆగకండి.

ముందు దేనితోనూ కలపకుండా ఒక ముక్క తుంచి నమలండి. పై పొర పల్చగా కరకరలాడుతుంది, అడుగు పొర మెత్తగా ఉంటుంది. నిప్పు తగిలిన చోట చిరుచేదు. నాలుగు నములుళ్ళయ్యాక ఎక్కడి నుంచో తీపి వస్తుంది. ఇది గబగబా మింగే తిండి కాదు. నమలనిదే గొంతు దిగదు, నమిలేకొద్దీ రుచి పెరుగుతుంది. రొట్టె పొర విప్పి పిన్ని లోపల వెన్న రాసింది. కొంచెమే రాసి "గేదె చూడి మీదుంది, పాలు తగ్గిపోయినయ్. పక్కింటోళ్ళని అడిగి తెచ్చా" అని నొచ్చుకుంది. ఆ కొంచెమే కరిగి అంచుల దాకా పాకింది.

రెండో రొట్టెకు పండుమిరపకాయ పచ్చడి. ఇక్కడికి ఈ నెలల్లో రమ్మనడానికి ఇదొక ముఖ్య కారణం. ఎండకు పెట్టకముందు, చెట్టు మీదే ఎర్రగా పండిన కాయల్ని తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు వేసి దంచి జాడీకెత్తుతారు. కావలసినప్పుడు కొంత తీసి వెల్లుల్లి, మెంతిపిండి కలిపి నూరి పోపు పెడతారు. బజారులో కొన్న సీసాలో కారం ఒక్కటే తెలుస్తుంది. తోట నుంచి వచ్చిన కాయతో చేసిన దాంట్లో కారం కంటే ముందు ఒక పండు వాసన వస్తుంది. రొట్టె ముక్కతో తీసుకోండి, తక్కువే తీసుకోండి. చెవులు వేడెక్కాయా? పిన్ని ఉల్లిపాయను పీట మీద పెట్టి పిడికిలితో ఒక్కటిచ్చింది. పగిలిన రేకు నోట్లో వేసుకోండి. కత్తితో కోసిన ఉల్లిపాయకు ఈ రుచి రాదని ఈ ఇంట్లో అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం.

మూడోదానికి చేపల పులుసు. నిన్న రాత్రి వండింది. రేవులో పుట్టి వేసేవాళ్ళ దగ్గర కొన్న శీలావతి. చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడు బాగుంటుందని తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాత్రంతా ముక్కలు చింతపండు పులుపును పీల్చుకున్నాయి, పులుసు చిక్కబడింది. అన్నంతో కలిపినప్పుడు పులుసు మెతుకుల మధ్య జారిపోతుంది. రొట్టె మాత్రం దాన్ని పట్టుకుంటుంది. గరుకు పొర తడిసి, లోపలి మెత్తన అంతా పులుసెక్కి, ముల్లు తీసిన ముక్కతో కలిసి వచ్చినప్పుడు నేనైతే మాట్లాడటం మానేస్తాను. మీరూ మానేయండి.

"ఇంకోటి వేసుకో బాబూ."

"చాలు పిన్నిగారూ, నిజంగా చాలు."

"మూడింటికే చాలా? మీ వయసులో మా ఆయన ఆరు తినేవాడు, ఆ పైన మజ్జిగలో నానేసుకుని ఇంకోటి."

గడప అవతల మంచం మీద కూర్చున్న పెద్దాయన ఇంతసేపూ మాట్లాడలేదు. ఆయన పిన్నికి బావగారు. గిన్నెలో మజ్జిగ, అందులో తుంచి వేసుకున్న నిన్నటి రొట్టె. పళ్ళు లేనివాళ్ళకు అదే వీలు. చెయ్యి కడుక్కోకుండా కంచం ముందే కూర్చున్న మిమ్మల్ని చూసి నవ్వాడు.

"మీకిది పండగ బాబూ. మాకు అప్పట్లో రోజూ ఇదే. పొద్దున జొన్న అంబలి, మజ్జాన్నం జొన్నన్నం, రాత్రికి రొట్టె. వరన్నం పండక్కి, పెళ్ళికి. అటు డెల్టా వాళ్ళు మెట్టకు పిల్లనివ్వాలంటే వెనకాడేవాళ్ళు. జొన్నకూడు తినలేదనీ, తిరగలి తిప్పలేదనీ."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. కృష్ణా జిల్లా అనగానే అందరి కళ్ళ ముందుకూ వచ్చేది పచ్చటి వరిచేలు. అది కింది సగం. విజయవాడ దగ్గర ఆనకట్ట 1855 నాటికే పూర్తయింది, డెల్టా కంచంలోకి వరన్నం వచ్చేసింది. పైనున్న జగ్గయ్యపేట, నందిగామ మాత్రం అదే నది ఒడ్డున ఉండి, అదే నీళ్ళు కళ్ళ ముందే కిందికి పోతుంటే చూస్తూ ఇంకో వందేళ్ళకు పైగా ఆకాశం వైపే చూశాయి. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. పెద్దాయన నోట మాత్రం ఇప్పటికీ 'కృష్ణా మెట్ట'.

ఆ నీళ్ళ కోసం పట్టుబట్టినవాళ్ళలో ఈ ఊరి జమీందారు ఒకరు. రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. ముక్త్యాల రాజా అంటేనే జనానికి తెలుస్తుంది. కృష్ణ నీళ్ళను పెన్న వైపు మళ్ళించే ఆలోచనను ఎదిరించి, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ఆయన ఊరూరా తిరిగాడు. 1952లో ఆ చోటు చూడటానికి ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు నందికొండకు కార్లు పోయే దారి లేదంటే, చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని కూడగట్టి రోజుల్లో బాట వేయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నందికొండ ఆనకట్టే నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం నేలలు దాటుకుని ఆ తర్వాతి ఏళ్ళలో ఈ మెట్టకు చేరింది.

"నీళ్ళొచ్చినాయని తెలిసిన రోజు మా నాయన కాలవ గట్టు మీద కూర్చుని ఏడ్చాడు" అన్నాడు పెద్దాయన. "ఆ ఏడు నాట్లేశాం. ఇంట్లో వరన్నం వండిన రోజు మా అమ్మ తిరగలి తీసి చూరు కిందికి నెట్టింది. మళ్ళీ దాని జోలికి పోలేదు."

ఆ తిరగలి ఇప్పటికీ అక్కడే ఉంది. పైరాయి మీద తులసి కుండీ పెట్టారు. పిన్ని దాని వైపు చూసి "నాకు పెళ్ళయ్యేటప్పటికి మిల్లొచ్చింది, బతికిపోయా" అంది. పాత తిండిని పొగిడేవాళ్ళు చాలామంది ఈ మాట వినరు. మనుషులు జొన్నను వదిలింది రుచి తెలియక కాదు. తెల్లవారుజామున లేచి చీకట్లో తిరగలి తిప్పిన ఆడవాళ్ళ భుజాలకు విశ్రాంతి కావాలి. వానమీద ఆధారపడ్డ రైతుకు ఒక నిశ్చింత కావాలి. వరి ఆ రెండూ ఇచ్చింది. కాబట్టి ముక్త్యాల రాజా తిరిగిన ఊళ్ళన్నిటికీ, బాట వేసిన చేతులన్నిటికీ నేను దణ్ణం పెడతాను. ఆ దణ్ణం పెట్టాకే, ఈ రొట్టె పోకూడదని అంటాను. కరువు భయం లేకుండా, తిరగలి చాకిరీ లేకుండా, ఇష్టపడి జొన్నరొట్టె తినగలిగిన మొదటి తరం మనది. ఆ అదృష్టాన్ని వాడుకోవాలి కదా.

పెరటి గోడ అవతల ఓ చెక్క జొన్న చేను ఉండేది, కోత అయిపోయింది. మోళ్ళు మిగిలాయి. చొప్ప మోపులు కట్టి గోడకు ఆనించారు. గింజ కోసం కంటే గేదెల మేత కోసమే ఈ కాస్తా వేశారు. మిగతా పొలమంతా మిరప, పత్తి. కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్న రోజుల్లో వచ్చి ఉంటే పచ్చి కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం పెట్టేది పిన్ని. ఆషాఢంలో తొలి ఏకాదశికి వస్తే జొన్న పేలాలు దంచి బెల్లం కలిపిన పేలపిండి. ఒకే గింజకు ఏడాది పొడవునా ఇన్ని వేషాలు. రొట్టె వాటిలో రోజువారీది, అంతే.

మధ్యాహ్నం దాటాక జగ్గయ్యపేట వైపు ఆటో ఎక్కుతాం. దారి పొడవునా లారీలు, వాటి వెనక తెల్లటి దుమ్ము. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా అదే తెలుపు. దుమ్ము తెర దాటాక కాలువ గట్టు, దాని కింద పచ్చదనం, మళ్ళీ ఎర్రటి కళ్ళాలు. ఆటో అబ్బాయి మిమ్మల్ని అద్దంలో చూసి "రొట్టెలు తిన్నారంటగా సార్?" అన్నాడు. "మా ఇంట్లో చెయ్యరు సార్. మా ఆవిడకి రాదు, మా అమ్మకి ఓపిక లేదు. తినాలనిపిస్తే పేట బండి దగ్గరే."

ఆ బండి దగ్గరికే వెళ్తున్నాం. జగ్గయ్యపేటను వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేరు మీద కట్టించాడు. హైదరాబాదు, విజయవాడ మధ్య తిరిగేవాళ్ళందరికీ ఈ పేరు తెలుసు, దిగినవాళ్ళు తక్కువ. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు రోడ్డు వారన ఇద్దరు ఆడవాళ్ళు గ్యాసు పొయ్యిల ముందు కూర్చుని రొట్టెలు తడుతున్నారు. అదే చప్పుడు, లారీల హారన్ల మధ్య. ఇలాంటి బండ్లు ఇప్పుడు ఖమ్మంలో, విజయవాడలో, హైదరాబాదులో వీధికొకటి కనిపిస్తాయి. పల్లెలో పొయ్యి ఆరిపోయిన రొట్టె పట్నం రోడ్డు మీద మళ్ళీ రాజుకుంది. ఆ రాజేసినవాళ్ళు చాలాచోట్ల ఇలాంటి కష్టజీవులైన ఆడవాళ్ళే. అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యతో ఇల్లు నడుపుతున్నారు.

వరసలో నిలబడ్డవాళ్ళ మాటలు వినండి.

"అమ్మా, నాలుగు కట్టు. కూర వద్దు, షుగరు."

"నాకు రెండే. డాక్టరు రాత్రిపూట అన్నం మానమన్నాడు."

"మా నాన్నకు. మెత్తగా కాల్చు అక్కా."

అందరూ కట్టించుకునేవాళ్ళే. పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో వేసి, స్కూటరు హ్యాండిలుకు తగిలించుకుని వెళ్తారు. ఇంటికి చేరేసరికి ఆవిరి లోపలే చెమ్మై కరకర పోతుంది. టీవీ ముందు ఒక చెంచాడు పప్పుతో, మొహం ముడుచుకుని తింటారు. మందు వేసుకున్నట్టు. అది చూస్తే నా మనసుకు కష్టంగా ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు జొన్న తినడం మంచిదే, తప్పకుండా తినండి. కానీ ఒక తిండి మన ఇళ్ళలోకి మందుచీటీ మీద మాత్రమే రావడం మొదలైతే, ఆ ఇంట్లో పిల్లలు దాన్ని జబ్బు గుర్తుగానే చూస్తారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దుకాణాల్లో జొన్న బిస్కెట్లు, జొన్న నూడుల్స్ వరసలు కట్టాయి. పొద్దున పిన్ని పొయ్యి దగ్గర మీ నోట్లో జరిగినది ఆ పొట్లాల్లో దేనిలోనూ దొరకదు.

యూరప్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు అక్కడి రొట్టెల గురించి మురిసిపోతూ చెబుతారు, నేను ఆనందంగా వింటాను. వాళ్ళు చెప్పే దాంట్లో నాకు బాగా నచ్చేది ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రిటనీ సంగతి. అక్కడి బలహీనమైన నేలల్లో గోధుమ సరిగ్గా పండక బక్‌వీట్ పండించుకున్నారు. దాని పిండికీ సాగే గుణం లేదు. అందుకని ఉప్పు, నీళ్ళతో జారుగా కలిపి, గుండ్రటి ఇనప పెనం మీద పల్చగా పరిచి కాల్చారు. దాన్ని గలెట్ అంటారు. చాలా కాలం అది పేదల కడుపు నింపిన తిండి. ఇవాళ రెన్ పట్టణంలో శనివారం సంత రోజున, పెనం మీద నుంచి తీసిన గలెట్‌లో సాసేజ్ చుట్టి ఇస్తుంటే జనం బారులు తీరి కొనుక్కుని, అక్కడే నిలబడి తింటారు. ఫిన్లాండ్ ప్రజలు తమ దేశపు తిండి ఏదని ఓటు వేసుకున్నప్పుడు నెగ్గింది రై రొట్టె. అదీ చలినేలలో గోధుమ పండనిచోట పండిన గింజే. ఫ్రెంచివాళ్ళ బగెట్ తయారీ విద్యకు 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మనవాళ్ళు అక్కడ బేకరీ ముందు పొద్దున్నే నిలబడి వేడి రొట్టె చేతికి తీసుకుంటారు, వాసన చూస్తారు, ఏ పిండి, ఎంతసేపు కాల్చారు అని అడుగుతారు. ఆ శ్రద్ధ చాలా మంచిది. అదే శ్రద్ధను ఒక్క సాయంత్రం పేటలో ఈ బండి ముందు పెట్టమని నా విన్నపం. ఏ జొన్న అమ్మా ఇది, తెల్లదా, పచ్చదా? పిండి ఎప్పుడాడించావు? ఇంత పల్చగా ఎలా వస్తుంది? అడిగి చూడండి, ఆవిడ మొహం ఎలా విప్పారుతుందో.

మీ వంతు వచ్చింది. "ఎన్ని కట్టమంటారు?" అని తలెత్తకుండానే అడిగింది.

"కట్టొద్దమ్మా, ఇక్కడే తింటాం."

తలెత్తి చూసింది. బల్ల కిందనుంచి రెండు స్టూళ్ళు లాగింది. పొద్దున మూడు రొట్టెలు తిన్న కడుపు ఇంకా బరువుగానే ఉంది, అయినా ఒకటి తినాలి. ఇది తెల్లజొన్న. పచ్చజొన్నంత తీపి లేదు, కానీ మెత్తగా, చంద్రబింబంలా ఉంది. పక్కన వేరుశనగ, పచ్చిమిరపకాయల పచ్చడి, గోంగూర. గోంగూర పులుపు రొట్టె గరుకుదనానికి ఎంత బాగా కుదిరిందంటే, ఒకటి అనుకున్నది రెండైంది. మనం తినడం చూసి పార్సిల్ కోసం నిలబడ్డ కుర్రాడు ఒకడు "అక్కా, నాక్కూడా ఒకటి ఇక్కడే వెయ్యి, మిగతావి కట్టు" అన్నాడు. స్టూలు లేదు. బండి చక్రానికి ఆనుకుని నిలబడి, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తిన్నాడు.

మళ్ళీ రావాలనుకుంటే సంక్రాంతి దాటాక, ఉగాది అటూఇటూగా రండి. అప్పుడు కొత్త జొన్నలుంటాయి, పండుమిరపకాయలుంటాయి, ఎండ ఇంకా ముదరదు. పల్నాడు వైపు నుంచి వస్తే బల్లకట్టు తిరుగుతోందో లేదో ముందు కనుక్కోండి. విజయవాడ, హైదరాబాదుల నుంచైతే పేటలో దిగి ముక్త్యాల దారి పట్టండి. తెలిసినవాళ్ళు లేకపోతే గుడి దగ్గరో, కళ్ళాల దగ్గరో అడగండి. ఒకరోజు ముందు అడిగితే, గింజలూ కట్టెలూ కొనుక్కోవడానికి డబ్బు ఇస్తామంటే, కాదనే ఊరు కాదిది. డబ్బు మాత్రం మర్యాదగా, తగినంత ఇవ్వండి. పొయ్యి ముందు కూర్చునే పని తేలికైనది కాదు.

బస్సు ఎక్కబోతుండగా ఫోను మోగింది.

"పేట చేరారా నాయనా? ఆ బాబుకి కారం ఎక్కువైందేమో, మజ్జిగ తాగించు. ఇదిగో, ఈసారి ఉగాది వెళ్ళాక తీసుకురా. అప్పటికి గేదె ఈనుతుంది, వెన్నకి ఎవరింటికీ పోనక్కర్లేదు."